మెరక మీద నిలిచిన నీళ్లు

మట్టక్కకి జబ్బు పూర్తిగా నయమైందని డాక్టరు చెప్పిన రోజున ఇంటిల్లిపాదీ ఏడ్చారు, ఆవిడ తప్ప. తమ్ముడైతే ఆసుపత్రి వరండాలో గోడకి మొహం ఆనించి, ముక్కు చీదుకుంటూ, అటుగా పోతున్న వార్డుబాయ్‌కి కూడా దండం పెట్టాడు. మరదలి చేతిరుమాలు తడిసి ముద్దయింది. మట్టక్క మాత్రం "సరే" అంది. చెప్పుల్లో కాళ్లు దూర్చి, బస్సు ఎన్నింటికని అడిగింది. సంతోషం పట్టలేక బిగుసుకుపోయిందిలే అని అందరూ సర్దుకున్నారు గానీ, అదేం కాదు. లోపల ఏమీ లేదు. సంతోషం ఉండాల్సిన అరలో చెయ్యి పెట్టి తడిమితే చెక్క తప్ప ఇంకేమీ తగల్లేదు. దుఃఖం ఉండాల్సిన అరా అంతే. అది ఆవిడకి వింతగా కూడా అనిపించలేదు.

మట్టక్క అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదని వేరే చెప్పాలా! నేలల పరీక్ష ఆఫీసులో చేరిన కొత్తల్లో ఎవరో వెటకారానికి అన్నారు, అది అతుక్కుపోయింది. పెళ్లి మాటెత్తినవాళ్లకి "మట్టిని చేసుకున్నాను, కాపురం బానే ఉంది, వెళ్లిరండి" అని చెప్పి పంపేసేది. ఎవరైనా తోట వేయాలన్నా, ఇల్లు కట్టాలన్నా, మురుగు గొయ్యి తవ్వాలన్నా, ముందు ఈవిడ వెళ్లాలి. నేలలో గొయ్యి తీయించి, దాంట్లోకి దిగి, పొరపొరకీ చిటికెడు మట్టి తీసి, నాలుగు చుక్కల నీళ్లు కలిపి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిసికేది. పిసికి, వేళ్ల మధ్య నుంచి పట్టీలా బయటికి తోసేది. ఆ పట్టీ ఎంత పొడుగు సాగి తెగిందో, ఎంత గరుకుగా ఉందో, ఎంత జిగటగా ఉందో చూసి ఇసుక ఎంత, బంకమట్టి ఎంత, వాన పడితే నీళ్లు ఎంతసేపట్లో ఇంకుతాయో చెప్పేసేది. అదే మట్టిని ల్యాబుకి పంపితే వారాల తర్వాత అదే మాట వచ్చేది. ఎప్పుడైనా తేడా వస్తే ల్యాబువాళ్లే నాలిక కరుచుకుని మళ్లీ చేసుకునేవాళ్లు. ఆఫీసులో సీసాలూ జల్లెడలూ లేవా అంటే ఉన్నాయి. "వేళ్లుండగా సీసాలెందుకు?" అనేది ఆవిడ. కాస్త పొగరే, కాదనను.

ఇప్పుడు ఆ వేళ్లే పోయాయి. అంటే, చేతికి ఉన్నాయి, చూడ్డానికి బాగానే ఉన్నాయి. జబ్బుకి ఎక్కించిన మందులు జబ్బుని చంపి, పోతూ పోతూ వేళ్ల చివర్లని కూడా చంపేసి పోయాయి. చొక్కా గుండీ పెట్టుకోవాలంటే అద్దంలో చూసుకుంటూ పెట్టుకోవాలి. గ్లాసు పట్టుకుంటే పట్టుకున్నట్టు కళ్లు చెప్పాలి. ఒకసారి పొయ్యి మీది గిన్నె ఒట్టి చేతుల్తో దింపి, ఏదో కమురు వాసన వస్తోందేమిటా అని చుట్టూ చూసింది. వచ్చింది తన వేళ్ల నుంచే. స్పర్శ మళ్లీ వస్తుందా అని డాక్టరుని అడిగితే, "నరాలు కదమ్మా, వాటి ఇష్టం" అన్నాడు. దానికీ "సరే" అనే అంది.

అయితే ఒకటుంది. జబ్బులో జుట్టు పోయింది, నిద్ర పోయింది, నాలిక మీద రుచి పోయింది. అవన్నీ ఎవరు అడిగినా చెప్పింది. ఈ వేళ్ల సంగతి మాత్రం ఆ డాక్టరుకి తప్ప పెదవి విప్పి ఒక్క ప్రాణికి చెప్పలేదు. చెబితే మంచి మనసుతోనే ఆఫీసులో కిటికీ పక్కన కుర్చీ వేస్తారు, ఫైళ్లు ముందు పెడతారు, పొద్దుటా సాయంత్రం టీ తెచ్చిస్తారు. గొయ్యిలోకి ఇంకొకరు దిగుతారు. దానికి బాధపడిందని కూడా అనలేను, బాధ అనేదే లేదు కదా మనిషిలో. ఊరికే చెప్పలేదు. ఉద్యోగంలో మళ్లీ చేరింది, జీపు ఎక్కింది, పిలిచిన చోటికల్లా వెళ్లింది.

ఇక తమ్ముడి సంగతి. వీడు మనిషి బంగారం, తొందరపాటు మాత్రం వీడి ఒంటికి పుట్టుమచ్చ. కొన్నేళ్ల కిందట అక్కకి చెప్పకుండా, చెబితే వద్దంటుందేమోనని, ఏటి పక్క పల్లంలో నిమ్మతోట వేశాడు. నిమ్మచెట్టుకి ఎండ ఎంత ఉన్నా పరవాలేదు, వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే మాత్రం ఊపిరాడక చస్తుంది. మొదటి రెండేళ్లూ పచ్చగా నవ్వింది తోట. మూడో ఏడు వానలకి నీళ్లు చేరి కదల్లేదు. వాడు బకెట్టు పట్టుకుని ఒక్కో చెట్టు మొదట్లోంచీ నీళ్లు తోడి పోస్తుంటే, ఆ నీళ్లే తిరిగి వచ్చి కూర్చునేవి. ఆకులు పసుపు తిరిగి, చెట్లు నిలబడ్డవి నిలబడ్డట్టే చచ్చిపోయాయి. "అడిగి చావొచ్చు కదరా" అని అప్పుడు అక్క తిట్టింది. ఆ తర్వాత వాడు ఇంకొకళ్ల లారీ తోలాడు.

ఇప్పుడు ఊరికి పైన, మెరక మీద నేల దొరికింది. మెరక నేలంటే నిమ్మకి అత్తారిల్లు కాదు, పుట్టిల్లు. వచ్చిన వాననీళ్లకి కాసేపు కూర్చోమని పీట వేసి, వేళ్లకి కావలసినంత పుచ్చుకుని, మిగతాది మర్యాదగా కిందికి సాగనంపుతుంది. చెట్టు వేళ్లు లోతుకి దిగుతాయి, గాలి ఆడుతుంది, వాన వెలిసిన మర్నాడే నేలలో అడుగు పెట్టొచ్చు. ఎరువు కూడా నీళ్లతోపాటే జారిపోతుంది కాబట్టి కొంచెం కొంచెంగా చాలాసార్లు వేయాలి, తడి తరచుగా ఇవ్వాలి. ఆ మాత్రం చాకిరీకి తమ్ముడు వెనకాడే రకం కాదు. మరదలు తన కుట్టుకొట్టు మూసేసి, మిషనుని మంచం పక్కకి చేర్చి, వాడితోపాటు గునపం పట్టింది. "ఈసారి నీ చెయ్యి పడందే ఒక్క మొక్క దించనక్కా" అన్నాడు తమ్ముడు. "ఈసారి కూడా పోయిందంటే, ఇక మొక్క మొహం చూడను. లారీ తోలుకుంటూ చస్తాను." నవ్వుతూనే అన్నాడు గానీ అది నవ్వులాటకి అన్నమాట కాదు.

నెల కిందట మట్టక్క వెళ్లి చూసింది. వాడు పైన ఒక గొయ్యి, కింద ఒక గొయ్యి తీసి ఉంచాడు. దిగింది, మట్టి తీసింది, నీళ్లు చల్లింది, పిసికింది. వేళ్లు ఏమీ చెప్పలేదు. ఫోను మోగుతున్నా అవతల ఎత్తేవాళ్లు లేనట్టుంది. గట్టు మీద తమ్ముడూ మరదలూ ఆవిడ నోటివంక చూస్తూ నిలబడ్డారు. పైగొయ్యీ ఎర్రగానే ఉంది, కిందిగొయ్యీ ఎర్రగానే ఉంది, నేల మెరకే కదా. ఎన్నో ఏళ్లుగా పిసకడం అయ్యాక మాట్లాడ్డం అలవాటైన నోరు, వేళ్ల కోసం ఆగకుండా తనంతట తనే అనేసింది. "ఇసుక గరప, బంక తక్కువ. నీళ్లు నిలవవు. నాటుకో."

తమ్ముడు ఈల వేశాడు. మరదలు గొయ్యిలోకి చెయ్యి అందించి ఆవిడని పైకి లాగి, వాటేసుకుంది. మట్టక్క ఇంటికొచ్చి పడుకుంది. నిద్ర పట్టిందా అంటే, పట్టింది. తప్పు చేసినదానికి పట్టకూడదు మరి! పట్టింది.

నిన్న పగలంతా వాన కొట్టి, చీకటి పడ్డాక వెలిసింది. ఇవాళ మొక్కలొచ్చే రోజు. మొదటి మొక్క అక్క చేత్తోనే నాటించాలని తమ్ముడు పట్టుబట్టి, ఆఫీసుకి సెలవు పెట్టించి, వాడే లారీలో ఎక్కించుకుని తీసుకొచ్చాడు. వెనక మొక్కలు, ముందు ఇద్దరూ. దారంతా వాడు వాగుతూనే ఉన్నాడు, ఆవిడ "ఊఁ" కొడుతూనే ఉంది.

మెరక మీద గోతులు వరసలు వరసలుగా తవ్వి ఉన్నాయి. నాటడానికి వచ్చిన నలుగురు మనుషులు ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటున్నారు. మరదలు తలకి గుడ్డ చుట్టుకుని, ఎరువు బస్తాల లెక్క చూసుకుంటోంది. "రండి వదినా, మీకోసమే ఆగాం" అంది. పైవరసల గోతుల్లో చుక్క నీరు లేదు, అడుగున తడి మాత్రం నిగనిగలాడుతోంది. అంత వానకి అలా ఉన్నాయంటే అది నేల గొప్పతనమే. తమ్ముడు గోతుల మధ్య గెంతుకుంటూ నడిచాడు. "చూశావా? నువ్వన్నట్టే! పీల్చేసింది, జుర్రుకుంది!"

మట్టక్క వాలు దిగుతూ పోయింది. సగం దాటాక ఒక గొయ్యిలో నీళ్లు మెరిశాయి. దాని పక్కదాంట్లోనూ. ఆ కింది వరసలన్నిట్లోనూ.

ఆవిడ ఒక గొయ్యి అంచున కూర్చుంది. నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో అక్కడ ఒక పుల్ల గుచ్చింది. పైనుంచి తమ్ముడు కేకేశాడు. "వాన అలాంటిదక్కా! ఎండెక్కితే ఇంకిపోతాయిలే!"  మనుషులు టీ తాగి, గ్లాసులు కడిగి, ఎరువు మోయడం మొదలుపెట్టారు. ఎండెక్కింది. పుల్ల దగ్గరి నీళ్లు పుల్ల దగ్గరే ఉన్నాయి.

ఇక్కడ మీకు ఒక మాట దాచకుండా చెప్పాలి. నోరు మూసుకుంటే ఏమవుతుందో ఆవిడ ఆలోచించింది. చల్లగా, పక్కింటివాళ్ల విషయం ఆలోచించినట్టే ఆలోచించింది. మొక్కలు నాటుతారు, రెండేళ్లు పచ్చగానే ఉంటాయి. ఆ తర్వాత కిందివి పసుపు తిరుగుతాయి. అప్పటికి వానని తిట్టుకోవచ్చు, మొక్కలమ్మినవాణ్ని తిట్టుకోవచ్చు, అదృష్టాన్ని తిట్టుకోవచ్చు. మట్టక్కని ఎవరూ తిట్టరు. ఆవిడకి ఇందులో తప్పొప్పులు కనిపిస్తూనే ఉన్నాయి, మనసుకి మాత్రం ఒక్కటీ ఆనడం లేదు.

ఇంతలో తమ్ముడు ఒక మొక్కని చంకలో పెట్టుకుని, ఇంకో చేత్తో ప్లాస్టిక్ మగ్గు పట్టుకుని దిగొచ్చాడు. "నువ్వెక్కడ కూర్చుంటే అక్కడే మొదటి మొక్క. సరేనా?" అని, గొయ్యి పక్కన మోకాళ్ల మీద కూలబడి, మగ్గుతో నీళ్లు తోడి బయటికి పోయడం మొదలుపెట్టాడు. ఏదో కూనిరాగం కూడా తీస్తున్నాడు. తోడాడు, తోడాడు, అడుగు కనిపించాక చెయ్యి తుడుచుకుని, "ఇదిగో, ఖాళీ చేసేశా. నాటక్కా" అన్నాడు. వాడు మొక్క అందిస్తుండగానే పక్క మట్టిలోంచి నీళ్లు ఊరి, మెల్లిగా మళ్లీ అడుగుని కప్పేశాయి. వాడు అది చూసి, ఏమీ ఎరగనట్టు మళ్లీ మగ్గు ముంచాడు.

"ఆపరా" అంది మట్టక్క.

"ఒక్క నిమిషం, ఇంకొంచెమే..."

"ఆపు. ఇవి ఇంకవు. కింద బంక ఉంది."

వాడి చెయ్యి ఆగింది. "బంకేంటి? ఇసుక గరప అన్నావుగా?"

"అన్నాను."

"మరి?"

కాసేపు నీళ్లు నమిలి, ఇక నమలడానికి ఏమీ మిగలక, ఉన్న మాట చెప్పేసింది. "నా వేళ్లకి స్పర్శ లేదురా. ఆ రోజు నాకేమీ తెలియలేదు. నోటికొచ్చింది చెప్పాను."

తమ్ముడికి ముందు అర్థం కాలేదు. ఆవిడ వేళ్ల వంక చూశాడు, ఏ దెబ్బో తగిలిందేమోనని. "ఎప్పట్నించి?"

"మందులెక్కిస్తున్నప్పట్నించి. సగం అయ్యేసరికే పోయింది."

"మాలో ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"నోటికొచ్చింది చెప్పావా..." అంటూ లేచాడు. మగ్గు విసిరి కొట్టాడు, అది గోతులు దాటి దొర్లుకుంటూ పోయింది. "నోటికొచ్చింది! నేను నీ నోటిని కాదక్కా పిలిచింది, నీ చేతిని పిలిచాను! తెలియట్లేదురా అని ఒక్క ముక్క చెబితే నేను చంపేస్తానా? సీసాలో వేసి చూడొచ్చు, ల్యాబుకి పంపొచ్చు, నీళ్లు పోసి కూర్చుని చూడొచ్చు! నా చెట్లకన్నా నీ పరువు ఎక్కువైపోయిందా నీకు?"

నాటే మనుషులు ఎరువు బస్తాలు దించి, ఎటు చూడాలో తెలియక కొండవైపు చూశారు. మట్టక్క వాడి మాటలన్నీ విన్నది. ప్రతి మాటా న్యాయంగానే ఉంది. ఒళ్లు మండితే బాగుండును, సిగ్గుతో చచ్చిపోతే బాగుండును, ఏదో ఒకటి జరిగితే బాగుండును అనుకుంది. ఏదీ జరగలేదు.

మరదలు పైనుంచి గబగబా దిగొచ్చింది. జరిగింది రెండు ముక్కల్లో విని, మొగుడి వంక ఒకసారి, ఆడబిడ్డ వంక ఒకసారి చూసింది. ఆవిడకి కోపం రాలేదనుకునేరు. వచ్చింది, మొహం కందిపోయింది. కానీ లారీలో మొక్కలు ఎండలో ఉన్నాయి. "మీ అరుపులు తర్వాత పెట్టుకోండి" అంది మొగుడితో. మట్టక్క వైపు తిరిగి, "వదినా, ఎక్కడిదాకా నాటొచ్చో అది చెప్పండి ముందు" అంది.

"నా చేత్తో చెప్పలేనమ్మా."

"ఈయనకున్నాయిగా చేతులు. మగ్గులు విసరడానికే కాదుగా దేవుడిచ్చింది."

అలా మొదలైంది ఆ పని. తమ్ముడు మూతి ముడుచుకునే వచ్చి, పైవరసలో నీళ్లు లేని ఒక గొయ్యి పక్కన బోర్లా పడుకుని, భుజందాకా చెయ్యి దించి మట్టి తీశాడు. మట్టక్క సీసాలోంచి నాలుగు చుక్కలు పోసింది. "పిసుకు. ఇంకా. ముద్దయిందా? ఇప్పుడు బొటనవేలితో బయటికి తొయ్యి. ఎలా ఉంది?"

"మట్టిలా ఉంది."

"మట్టి మట్టిలా కాక మామిడిపండులా ఉంటుందా? గరుకా, నునుపా?"

"గరుకే."

"ఎంత గరుకు?"

వాడు కళ్లు మూసుకుని ఆలోచించాడు. "నాన్న గెడ్డం రెండ్రోజులు గీసుకోకపోతే... మనల్ని ఎత్తుకుని బుగ్గకి రాసేవాడు చూడు. అలా."

ఆ గరుకు మట్టక్కకి తెలుసు. వాడి చేతిలోని పట్టీ చిటికెన వేలి గోరంత సాగి విరిగిపోయింది. "ఇది ఇసుక గరపే. ఇక్కడ నాటుకో. పద."

ఒక్కో వరసా దిగుతూ పోయారు. వాడు పడుకోవడం, చెయ్యి దించడం, పిసకడం. ఆవిడ అడగడం. మొదట్లో మొండిగా ముక్కుతూ చెప్పినవాడు, నాలుగైదు గోతులయ్యేసరికి తనంతట తనే చెప్పడం మొదలుపెట్టాడు. ఇది ఇందాకటికన్నా మెత్తన, ఇది వేలికి కొంచెం అంటుకుంటోంది, ఇందులో పలుకులు తక్కువ. సగం వాలు దాటాక ఒక గొయ్యిలో అడుగు మట్టి తీసి పిసుకుతూ ఆగిపోయాడు. "అక్కా, ఇది తేడాగా ఉంది. సబ్బు ముక్క నానితే ఉంటుందే, అలా జారుతోంది. తెగట్లేదు చూడు." పట్టీ వాడి వేళ్ల మధ్య నుంచి వేలెడు పొడుగు సాగి, వంగి వేలాడింది. మట్టక్క దాన్ని ఎండకి పట్టి చూసింది. పైకి ఎరుపే, విరిచి చూస్తే లోపల బూడిదరంగు మచ్చలు, మధ్యమధ్య తుప్పు మరకలు. ఏటేటా నీళ్లు నిలిచే మట్టి అది. ఆ రోజు ఈ మట్టినే చేతిలో పట్టుకుని, విరవకుండా, చూడకుండా నాటుకోమంది.

"ఇక్కడ్నించి కిందికి ఒక్క మొక్క కూడా వద్దు" అంది. "ఈ పొర కింద పళ్లెంలా పరుచుకుని ఉంది. పైనుంచి దిగిన నీళ్లన్నీ ఇక్కడికొచ్చి కూర్చుంటాయి. గడ్డి వేసుకో, పశువులకి పనికొస్తుంది."

తమ్ముడు కింది వరసల వంక చూశాడు. తనూ పెళ్లామూ నెల్లాళ్లు నడుములు విరుచుకుని తవ్విన గోతులు.  మరదలు సున్నం తెచ్చి, వాలుకి అడ్డంగా ఒక గీత పోసుకుంటూ పోయింది. మనుషుల్ని కేకేసి, గీతకి పైన మాత్రమే నాటమంది.

లారీ పక్కన డ్రమ్ములో నీళ్లున్నాయి. అక్కాతమ్ముళ్లిద్దరూ చేతులు కడుక్కున్నారు. వాడి కోపం చాలావరకు దిగింది, మిగిలింది మోచేతుల మట్టితోపాటు రుద్దుకుంటున్నాడు. "సగంపైన దక్కిందిలే" అన్నాడు. ఆ తర్వాత, ఏదో మాట్లాడాలి కాబట్టి మాట్లాడినట్టు, "ఆసుపత్రి నుంచి వచ్చాక ఇంకా ఎక్కడెక్కడికి వెళ్లావేంటి? ఈ చేత్తో?" అన్నాడు.

"వెళ్లాను. కొత్త రోడ్డు వంపు దగ్గర ఒక ఇంటి స్థలం చూశాను. అది నేల గట్టిదే, కళ్లకే తెలుస్తుంది. రిటైరైన మాస్టారి బాదం మొక్కలు. అవి ఇంకా నాటలేదు. తర్వాత బడిది."

"బడికి తోటెందుకు?"

"తోట కాదు. మరుగుదొడ్ల నీళ్లకి గొయ్యి."

"మెరక మీదేగా బడి. నీళ్లు ఇంకే నేలే కదా, మంచిదే."

"ఇంకడం మంచిదే. మరీ తొందరగా ఇంకకూడదు" అంది మట్టక్క, అలవాటైన పాఠం అప్పజెబుతున్నట్టు. "మట్టి ఆ నీళ్లని కాసేపు పట్టి ఉంచాలి, వడకట్టాలి, అప్పుడు కిందికి వదలాలి. ఇసుక గరపైతే ఆ పని చేస్తుంది. ఒట్టి ముతక ఇసుకా గులకరాళ్లూ అయితే పోసింది పోసినట్టు కిందికి దిగిపోతుంది. కింద..."

అక్కడ ఆగింది.

బడి గొయ్యిలో ఆవిడ నిలబడ్డప్పుడు అడుగున అంచులు జలజలమని రాలుతున్నాయి. చెప్పుల్లోకి గులకరాళ్లు దూరితే దులుపుకుంది కూడా. కళ్లు చూశాయి, చెవులు విన్నాయి. ఆవిడ మాత్రం మట్టి తీసి, తడిపి, పిసికి, ఇసుక గరప అని రాయించి జీపెక్కింది. ఆ గోతికి కింద, వాలులో, బడిపిల్లలు నీళ్లు తాగే బావి ఉంది.

మట్టక్కకి భయం వేసింది. ముందు అదేమిటో పోల్చుకోలేకపోయింది.  లారీ తలుపు పట్టుకుంది. జబ్బు అని చెప్పిన రోజున వేయనిది, నయమైందన్న రోజున రానిది, ఇందాక తమ్ముడు నిలబెట్టి కడిగేసినా కదలనిది, ఇప్పుడు వచ్చింది. "ఫోను" అంది. "ఒరేయ్, ఫోను చెయ్యి మా ఆఫీసరుకి. నా వేళ్లతో ఆ అంకెలు నొక్కలేను, నువ్వు చెయ్యి."

వాడు ఫోను తీసి కలిపి, ఆవిడ చెవి దగ్గర పట్టాడు.

"ఏమ్మా, సెలవు పెట్టి కూడా ఆఫీసేనా?" అన్నాడు ఆఫీసరు.

"సార్, బడి దగ్గర మురుగు గొయ్యి చూసొచ్చాను కదా. కట్టడం మొదలుపెట్టారా?"

"మొదలేమిటి, అయిపోయింది. పోయిన వారం నుంచే వాడుతున్నారు. హెడ్‌మాస్టరుగారు మీకు థాంక్స్ చెప్పమన్నారు, నేనే మర్చిపోయా."

"పిల్లలు ఇంకా ఆ బావి నీళ్లే తాగుతున్నారా?"

"అవేగా తాగుతారు. ఎందుకమ్మా?"

"ఆపించండి సార్. ఇప్పుడే. బావికి మూత వేయించి మరుగుదొడ్లకి తాళం పెట్టించండి. అది ఒట్టి ఇసుక, నీళ్లు నేరుగా బావిలోకి దిగుతాయి."

అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది. "మీరు చూసి చెప్పాకే కదమ్మా కట్టింది?"

"నేను చూడలేదు సార్."  "నా వేళ్లు పనిచేయట్లేదు. చాలా నెలలైంది. మీకు చెప్పలేదు. చెప్పకుండా సంతకం పెట్టాను. తర్వాత నన్నేమైనా చేసుకోండి, ముందు పిల్లల్ని ఆపండి. మధ్యాహ్నం బెల్లు కొడతారు, అందరూ బావి దగ్గరికే వస్తారు."

ఆఫీసరు హెడ్‌మాస్టరుకి చేస్తున్నానని ఫోను పెట్టేశాడు.

ఆ గోతి పక్కన తవ్వి, మట్టిని ఎవరో ఒకరు చూడాలి, ఇప్పుడే. ఆ మాట ఆవిడ అనకముందే తమ్ముడు లారీ తలుపు తీశాడు. వెనక సగం మొక్కలు ఇంకా దించనే లేదు. "ఉండండి, మొక్కలు" అని మరదలు పరుగెత్తుకొచ్చి, వాళ్ల మొహాలు చూసి, "దించక్కర్లేదు, వెళ్లండి. ఉన్నవి మేం నాటుతాం" అంది. లారీ వాలు దిగుతుంటే వెనక మొక్కలు ఒకదానిమీదొకటి పడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. తమ్ముడు వెనక్కి తిరిగి చూడలేదు. మట్టక్క రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, దారి వంకే చూస్తూ కూర్చుంది.

"పిల్లలెవరైనా జబ్బు పడ్డారేమో అడగలేదురా" అంది.

"వెళ్లి అడుగుదాం" అన్నాడు వాడు.